నేల చదివినవాళ్లకు నగరంలో పని: మాసబ్ ట్యాంక్ ప్రణాళిక

మేము జాగ్రఫీ పట్టభద్రులం. డిగ్రీ, పీజీ పట్టాలు పట్టుకుని అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లం. "టీచరు ఉద్యోగం తప్ప ఈ చదువుకు ఇంకేం దారి ఉంది?" అన్న మాట ఇంటా బయటా విన్నవాళ్లం. ఆ మాట తప్పని పని చేసి చూపించడానికి హైదరాబాద్‌లోని మాసబ్ ట్యాంక్ నుంచి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

ఇక్కడి నుంచే ఎందుకు?

మాసబ్ ట్యాంక్‌లో కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు ఉండేది. ఇప్పుడు ఆ చోట చాచా నెహ్రూ పార్కు ఉంది. వరదలూ ఈ నగరానికి కొత్త కావు: 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల ప్రాణాలు తీశాక ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. 1912-15 మధ్య లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని కొలిచి వివరమైన పటాలు గీశారు. అయినా 2020 అక్టోబరులో కాలనీలు మళ్లీ మునిగాయి. నీటి దారి తెలిసినవాళ్ల అవసరం ఈ నగరానికి తీరలేదు.

మాకు వచ్చిన పని

మన్ గీయించిన పటాన్ని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తాం. చార్మినార్, పురానాపూల్ లాంటి కదలని గుర్తులను నేటి ఉపగ్రహ చిత్రంతో జతచేస్తే పాత పటం కొత్త నగరం మీద కుదురుకుంటుంది. దాని మీద ఎత్తుపల్లాల డేటా పరిస్తే, పూడిపోయిన నాలా ఏ వరస ఇళ్ల కిందుగా పోయేదో అంచనా దొరుకుతుంది. వాన పడ్డ రోజు ఆ వీధికి వెళ్లి, నీళ్లు ఎక్కడ నిలిచాయో చూసి, పాతకాపులను అడిగి ఆ గీతను సరిదిద్దుతాం. ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), అలుగు, తూము, శిఖం భూమి ఇవన్నీ ఆఫీసులోనూ చెరువు గట్టు మీదా ఒకేలా అర్థం కావాలి. ఆ రెండు చోట్లా నిలబడగలగడమే మా బలం.

దారులున్నాయి

బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ), ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ మన నగరంలోనే ఉన్నాయి. 2021లో కేంద్రం నిబంధనలు సడలించాక పటాల తయారీకి దేశీయ కంపెనీలు ముందస్తు అనుమతి తీసుకోనక్కర్లేదు. ఢిల్లీ ఎస్‌పీఏ లాంటి ప్లానింగ్ స్కూళ్లు జాగ్రఫీ పీజీలకు తలుపు తెరిచాయి. జీఐఎస్, పట్టణ ప్రణాళిక, విపత్తు నిర్వహణ, నీటి వనరులు, భూసర్వే: ఇన్ని చోట్ల మాకు పనుంది.

మా ప్రతిజ్ఞ

1. ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ క్యూజీఐఎస్, రిమోట్ సెన్సింగ్, కొంత పైథాన్, కొంత గణాంకశాస్త్రం నేర్చుకోవాలి.
2. రెజ్యూమేలో మార్కుల కన్నా ముందు సొంతంగా గీసిన పటం ఉండాలి.
3. ఇవి వచ్చినవాళ్లు రానివాళ్లకు ఫీజు లేకుండా, తెలుగులో నేర్పాలి.

మా డిమాండ్లు

1. జీఐఎస్, సర్వే, విపత్తు నిర్వహణ పోస్టుల నోటిఫికేషన్లలో జాగ్రఫీ పట్టాను అర్హతగా రాయాలి.
2. డిగ్రీ కాలేజీల్లో జీఐఎస్ ల్యాబ్, క్షేత్ర పర్యటన తప్పనిసరి చేయాలి.
3. విద్యార్థులకు మున్సిపల్, నీటిపారుదల, రెవెన్యూ శాఖల్లో స్టైపెండుతో ఇంటర్న్‌షిప్ ఇవ్వాలి.

మొదటి కార్యక్రమం ఇదే: వచ్చే వానాకాలంలో సభ్యులంతా తమ ఇంటికి దగ్గరున్న ఒక నాలాను మొదలు నుంచి చివరి దాకా నడిచి పటం గీయాలి. ఆ పటాలను వార్డు ఆఫీసుకు అందజేసి, వాటి మీద చర్చ జరిగేదాకా వెంటపడదాం. జాగ్రఫీ చదివిన ప్రతి ఒక్కరూ కలిసి రండి.