వకీలు గుమాస్తా రెజ్యూమెలో తెలుగెక్కడ?

లీగల్ అసిస్టెంటు ఉద్యోగానికి మన పిల్లలు వ్రాసుకుంటున్న రెజ్యూమెల మీద నాకొక గట్టి ఫిర్యాదు ఉంది. ఇంగ్లీషు దిద్దిపెట్టమని మా తాడేపల్లిలో కొందఱు వాటిని నా దగ్గఱికి తెస్తూంటారు. అన్నీ ఒకే వాక్యంతో మొదలవుతాయి. సవాళ్ళతో కూడిన వాతావరణంలో పనిచేస్తూ, సంస్థతో పాటు తానూ ఎదగాలన్నది అభ్యర్థి ఆశయమట! పూర్వం ఈ వాక్యాన్ని నెట్‌సెంటరువాడు అతికించేవాడు. ఇప్పుడు చాట్‌జీపీటీ అతికిస్తోంది. నగిషీ పెరిగింది. మనిషి జాడ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఈ ఉద్యోగం పేరు కొత్తది, పని పాతది. మన తాతలు దీన్ని ప్లీడరు గుమాస్తాగిరీ అన్నారు. కక్షిదారు సంచీలోంచి బయటికి తీసే కాగితాలేవి? క్రయ దస్తావేజు, దఖలు దస్తావేజు, వీలునామా, కౌలు కాగితం, అడంగల్, ప్రామిసరీ నోటు. మన ప్రాంతంలో వీటిలో చాలామటుకు తెలుగులోనే ఉంటాయి. పాతవాటిలో కొన్ని కరణాల గొలుసుకట్టు వ్రాతలో ఉంటాయి. 1984లో కరణీకాలు రద్దయ్యాయి గానీ వాళ్ళు వ్రాసిన కాగితాలు రద్దు కాలేదు. ఆ వ్రాత చదవగల కుఱ్ఱవాడు తన రెజ్యూమెలో ఆ ముక్క చెప్పడు. ఎమ్మెస్ ఆఫీసు వచ్చునని మాత్రం చెబుతాడు!

ఇది భాషాభిమానంతో అంటున్న మాట కాదు. చెక్కుబందీల సంగతి చూడండి. దస్తావేజులోని విస్తీర్ణానికీ హద్దులకీ పొంతన కుదరనప్పుడు సాధారణంగా హద్దులకే విలువ ఎక్కువ. దక్షిణపు హద్దు "డొంక" అని ఉంటే, అది బండ్లు నడిచే దారి అని తెలియనివాడు దాన్ని పొదగా అనువదించవచ్చు. అప్పుడు ఒక రైతు తన మిరపచేనికి వెళ్ళే త్రోవ కాగితం మీద మాయమవుతుంది. ప్రామిసరీ నోటుకి కాలపరిమితి మూడేళ్ళు. ఆ గడువులోపల కొంత సొమ్ము కట్టి, అప్పుపడ్డవాడు నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకం చేస్తే, 1963 నాటి కాలపరిమితి చట్టం 19వ సెక్షను ప్రకారం ఆ చెల్లు తేదీ నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది. నోటు వెనక్కి తిప్పి చూడని సహాయకుడు, బతికి ఉన్న బాకీని చచ్చిపోయిందని వకీలుకి చెబుతాడు.

పైకోర్టుకు పోతే ఈ అవసరం రెట్టింపవుతుంది. రాజ్యాంగంలోని 348వ అధికరణం హైకోర్టు వ్యవహారాలకు ఇంగ్లీషును నిర్దేశించింది. కాబట్టి క్రింది కోర్టుల తెలుగు కాగితాలకు అక్కడ ఇంగ్లీషు అనువాదం కావాలి. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది. 1956లో హైదరాబాదుకు తరలిపోయింది. 2019లో మళ్ళీ మన కృష్ణాతీరానికి వచ్చి, తుళ్ళూరు మండలం నేలపాడులో కూర్చుంది. ఇంత దగ్గఱికి వచ్చిన కోర్టులో మన పిల్లలకున్న ప్రత్యేకార్హత ఆ రెండు భాషల మధ్య వంతెన కాగలగడమే. దాన్నే వాళ్ళు దాచిపెడుతున్నారు.

"ఇంగ్లీషు లేకుండా ఉద్యోగమెవడిస్తాడు?" అని అడుగుతారు. ఇంగ్లీషు వద్దని నేననలేదు. రెజ్యూమెను ఇంగ్లీషులోనే వ్రాయండి. కానీ అందులో పని గుఱించి వ్రాయండి.

ఏయే రకాల దస్తావేజులు చదివారో, ఎన్ని పుటలు అనువదించారో వ్రాయండి. చెక్కు చెల్లని కేసులో బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోపల నోటీసు, అది అందాక 15 రోజుల గడువు, ఆ తరువాత నెలలోపల ఫిర్యాదు అన్న లెక్క మీకు వచ్చని వ్రాయండి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పాత 420 ఇప్పుడు 318(4). అంతకుముందు జఱిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక రెండూ తెలియాలి. తెలిస్తే ఆ మాట చెప్పండి. ఇ-ఫైలింగ్ చేశారా, 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరుతో కేసు వాయిదా చూడగలరా, చెప్పండి. కక్షిదారుల పేర్లు మాత్రం వ్రాయకండి. ఆ రహస్యం మీది కాదు. న్యాయసలహాలిచ్చామని కూడా గొప్పకి వ్రాయకండి. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ప్రకారం వకీలు వృత్తి చేసే హక్కు బార్ కౌన్సిల్లో నమోదైనవారిది.

అసలు తప్పు ఉద్యోగాలిచ్చే వకీళ్ళలోనూ ఉంది. ప్రకటనలో అనర్గళమైన ఇంగ్లీషు సంభాషణ అడుగుతారు. చేరిన మొదటిరోజునే 1960ల నాటి దఖలు దస్తావేజు చేతికిచ్చి సారాంశం వ్రాయమంటారు. ఆ కాగితాన్నే ఇంటర్వ్యూలో ఇచ్చి అఱగంట కూర్చోబెడితే ఎవరి సత్తా ఎంతో తేలిపోదూ? అది చెయ్యరు. చేస్తే, తమ కార్యాలయం నిజంగా తెలుగు మీద నడుస్తోందని ఒప్పుకోవలసి వస్తుంది.

గుమాస్తా అనిపించుకోవడానికి సిగ్గుపడి అసిస్టెంటు అని పేరు మార్చుకున్నాం. పేరు ఏదైనా ఫఱవాలేదు. డొంకని డొంకగా చదవగలవాడు ఆ కుర్చీలో ఉండాలి. చదవగలనన్న సంగతి అతడి రెజ్యూమెలో మొదటి వరుసలోనే ఉండాలి. కాదనేవారుంటే చెప్పండి, వాదించుకుందాం.