దవడ పదో తరగతి దాకా ఆగదు



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు, హ్యాండ్‌రైటింగ్, హోంవర్క్ గురించి మాట్లాడుకుంటాం. పళ్ల మాట అరుదుగా వస్తుంది. వచ్చినా "టెన్త్ అయ్యాక చూద్దాం మేడం" అంటారు. ఆడపిల్లయితే "పెళ్లి నాటికి క్లిప్పులు వేయిస్తాం" అంటారు. వంకర పళ్లను పెద్దయ్యాక కూడా సరిచేయించవచ్చు, నిజమే. కానీ చాలామంది పిల్లల్లో ఎత్తుపళ్లలా కనిపించేదానికి కారణం కింది దవడ వెనకబడి ఉండటం. దానికి మాత్రం గడువు ఉంది.

పిల్లలు ఒక్కసారిగా పొడవయ్యే రోజుల్లోనే కింది దవడ కూడా వేగంగా పెరుగుతుంది. అమ్మాయిల్లో అది సుమారు 10 నుంచి 12 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో 12 నుంచి 14 మధ్య జరుగుతుంది. అంటే కొడుకుకు, కూతురికి ఒకే లెక్క పనికిరాదు. కూతురికి టెన్త్ అయ్యేసరికి ఆ సమయం దాదాపు దాటిపోతుంది. పెళ్లి నాటికి ఇక మిగిలేవి పళ్లను సర్ది లోపం కనబడకుండా చేయడం, లేదా దవడకు ఆపరేషన్.

పెరిగే వయసులో వాడే పరికరాల్లో బాగా తెలిసినది ట్విన్ బ్లాక్. స్కాట్లాండ్‌కు చెందిన డాక్టర్ విలియం క్లార్క్ 1977లో దీన్ని తెచ్చారు. పైన ఒకటి, కింద ఒకటి, రెండు ప్లేట్లు ఉంటాయి. నోరు మూస్తే వాటి ఏటవాలు అంచులు ఒకదానికొకటి ఆనుకుని కింది దవడను ముందుకు నిలబెడతాయి. సాధారణంగా తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు పెట్టుకోవాలి. తర్వాత చాలామందికి క్లిప్పులు కూడా అవసరమవుతాయి.

అలాగని మూడో తరగతి పిల్లలకు తొందరపడి వేయించమని నేను అనను. బ్రిటన్‌లో 8 నుంచి 10 ఏళ్ల వయసున్న 174 మంది పిల్లలతో ట్విన్ బ్లాక్‌పై ఒక అధ్యయనం చేసి, ఫలితాలను 2003లో ప్రచురించారు. ఎత్తు తగ్గింది, కానీ ఎక్కువ మార్పు పళ్లలోనే వచ్చింది, దవడలో వచ్చింది కొద్దిగానే. తర్వాత పోల్చి చూస్తే, ముందే మొదలుపెట్టినవారికి ఆలస్యంగా చేయించుకున్నవారి కంటే చివరికి చెప్పుకోదగ్గ లాభం లేదు. కాబట్టి "దవడ మొత్తం మార్చేస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. పై పళ్లు బాగా ముందుకు ఉండి పడితే విరిగేలా ఉన్నా, కింది దవడే ముందుకు వచ్చినా మాత్రం చిన్న వయసులోనే డాక్టర్‌కు చూపించాలి.

ఇంట్లో మీరే గమనించవచ్చు. పిల్లల ముఖాన్ని పక్క నుంచి చూడండి. గడ్డం లోపలికి ఉందా? పెదవులు కష్టపడితే గానీ మూసుకోవడం లేదా? పై పళ్లు కింది పెదవి మీద ఆనుతున్నాయా? ఏ ఒక్కటి ఉన్నా ఆర్థోడాంటిస్ట్‌ను, అంటే బీడీఎస్ తర్వాత ఆ విభాగంలోనే మూడేళ్ల ఎండీఎస్ చేసిన డాక్టర్‌ను కలవండి. ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనూ ఈ విభాగం ఉంది. పెరుగుదల ఇంకా ఎంత మిగిలింది, క్లిప్పులతో కలిపి మొత్తం ఖర్చెంత, ఎన్నిసార్లు రావాలి అన్నవి ముందే అడగండి.

డబ్బు కట్టేది మీరే అయినా పరికరం పెట్టుకోవాల్సింది పిల్లలు. డబ్బాలో ఉంటే అది పని చేయదు. అందుకే వాళ్లు ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. మొదటి కొన్ని రోజులు లాలాజలం ఎక్కువగా వస్తుంది, మాట స్పష్టంగా రాదు. ఇంగ్లిష్ రీడింగ్‌లో ఎస్, ఎస్‌హెచ్ ధ్వనులు తడబడతాయి. ఆ రోజుల్లో ఉచ్చారణకు మార్కులు తగ్గించకపోవడం, తోటి పిల్లలు వెక్కిరించకుండా చూడటం మా పని. హుస్నాబాద్ నుంచి డాక్టర్ దగ్గరికి వెళ్లి వస్తే రోజంతా పోవచ్చు. ఆ రోజు వీకెండ్ టెస్ట్ ఉంటే మళ్లీ రాసే అవకాశం ఇవ్వాలన్నది నా అభిప్రాయం. టెస్ట్ ఇంకో వారం పెట్టుకోవచ్చు, పెరిగే వయసు తిరిగి రాదు.

ఆరు, ఏడు తరగతుల అమ్మాయిల తల్లిదండ్రులకు నా మనవి: ఈ దసరా సెలవుల్లోనే ఒకసారి చూపించండి. పరికరం అవసరం లేదని డాక్టర్ చెబితే అంతకంటే మంచిది ఏముంటుంది?

– ఇంగ్లిష్ టీచర్, హుస్నాబాద్ బ్రాంచ్