యూరియాకు లింకు పెట్టే హక్కు ఎవరిచ్చారు?

మొక్కజొన్న మోకాలెత్తుకు వచ్చింది. పైపాటుగా యూరియా వేయాలి. రైతు ఆధార్ కార్డు పట్టుకొని దుకాణం ముందు వరుసలో నిలబడతాడు. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. తీరా తన వంతు వచ్చాక, "ఈ జింకు ప్యాకెట్టు, ఈ జీవన ఎరువు సీసా తీసుకుంటేనే బస్తా" అంటారు. అదేమిటని అడిగితే, "కంపెనీ మాకూ ఇలాగే అంటగడుతోంది" అని డీలరు చేతులెత్తేస్తాడు. అదను దాటితే పంట ఆగదు. రైతు డబ్బు కట్టి, ఆ సీసాను కొట్టంలో ఓ మూలన పడేస్తాడు.

జింకుకు, జీవన ఎరువులకు మనం వ్యతిరేకం కాదు. లేత ఆకుల్లో మధ్య ఈనెకు రెండువైపులా తెల్లటి చారలు కనిపిస్తే అది జింకు లోపం. ఎంత యూరియా పోసినా తీరదు. లోపమున్న నేలలో ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే మూడు పంటలకు సరిపోతుంది. భాస్వరం ఎరువుతో మాత్రం కలపకూడదు. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి. అజోస్పైరిల్లం గాలిలోని నత్రజనిని కొంత పైరుకు అందిస్తుంది. ఫాస్ఫేటును కరిగించే బ్యాక్టీరియా నేలలో బిగుసుకున్న భాస్వరాన్ని వేళ్ళకు అందేలా చేస్తుంది. ఇవి యూరియాకు తోడే తప్ప పూర్తి బదులు కావు.

"రైతుకు అవగాహన లేదు, ఇలా ఇస్తేనే వాడతాడు" అని కొందరి వాదన. విత్తనశుద్ధికి, దుక్కికి వాడాల్సిన సరుకును మోకాలెత్తు పైరున్నప్పుడు అమ్మడమా అవగాహన? 2015లో మొదలైన భూసార కార్డులో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ వివరాలుండాలి. ఆ కార్డు చూసి సీసా అమ్మిన దుకాణం ఒక్కటైనా ఉందా?

జీవన ఎరువు ప్రాణమున్న సరుకు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాము పొడిలో కనీసం 5 కోట్లు, మిల్లీలీటరు ద్రవంలో కనీసం 10 కోట్ల బ్యాక్టీరియా బతికి ఉండాలి. రేకుల షెడ్డులో ఎండకు ఉడికిన సీసాలో ఎన్ని బతుకుతాయి? అది పనిచేయకపోతే రైతుకు డబ్బూ పోతుంది, మంచి పద్ధతి మీద నమ్మకమూ పోతుంది.

లింకు పెట్టవద్దని కేంద్రమే చెప్పింది. అయినా ఆగలేదంటే అడిగేవాడు లేకనే. అందుకే మన డిమాండ్లు ఇవి:

- లింకు పెట్టిన డీలరుతో పాటు, అంటగట్టిన కంపెనీ మీదా కేసు పెట్టాలి.
- విత్తే ముందే భూసార పరీక్ష ఫలితం రైతు చేతికి అందాలి.
- జింక్ సల్ఫేట్, నాణ్యమైన జీవన ఎరువులు విత్తే అదనుకు సబ్సిడీపై ఇవ్వాలి.
- దుకాణాల్లోని జీవన ఎరువుల నమూనాలు తీసి, ఫలితాలు బయటపెట్టాలి.

రైతు సోదరులారా! కొన్న ప్రతి సరుకుకూ విడిగా రశీదు అడగండి. గడువు తేదీ చూడండి. లింకు పెడితే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఒక ప్రతి సంఘానికి ఇవ్వండి. ఒక్కడు అడిగితే "బస్తా లేదు" అంటారు. ఊరంతా కలిసి అడిగితే లెక్క చెప్పక తప్పదు.