ప్రపంచకప్పు బాటలో బడిపంతులు

2025 నవంబరు 18వ తేదీన ఢాకా నగరమున మన దేశపు ఫుట్‌బాలు జట్టు బంగ్లాదేశము చేతిలో ఒక్క గోలుతో ఓడిపోయినది. ఇరువదిరెండు సంవత్సరముల తరువాత ఆ దేశమునకు మనపై లభించిన గెలుపది. అదే దినమున భూగోళమునకు ఆవలివైపున, జమైకా దేశపు కింగ్‌స్టన్ నగరమున, క్యురసావ్ అను చిన్న దీవి జట్టు ఆటను సరిసమానముగా ముగించి 2026 ప్రపంచకప్పునకు అర్హత సంపాదించుకొన్నది. ఆ దీవి జనసంఖ్య లక్షయేబదివేలకు కొంచెము మించును. మన వరంగల్లు నగర జనములో అది నాల్గవవంతు కూడ కాదు. ప్రపంచకప్పునకు చేరిన దేశములలో ఇంతకంటె చిన్నది ఇదివరకు లేదు.

ఈ రెండు వార్తలును ప్రక్కప్రక్కన చదివినవారు నిట్టూర్చిరి. నూటనలుబదికోట్ల జనములో పదునొకండుగురు దొరకరా యను ప్రశ్న మన వర్ధన్నపేట టీ దుకాణముల ముందు కూడ వినవచ్చినది. ప్రశ్న పాతది; జవాబునకై వెదకుట మాత్రము అరుదు. క్యురసావ్ ఆటగాండ్రలో పెక్కురు హాలెండు దేశమున పుట్టి, అచ్చటి క్లబ్బులలో చిన్ననాటనే తర్ఫీదు పొందినవారు. వారిని గెలిపించినది దీవి జనసంఖ్య కాదు గదా. ఏడెనిమిదేండ్ల పిల్లవానికి బంతిని ఎట్లు ఆపవలెనో నేర్పిన వాడెవడో ఉన్నాడు. మన కథ కూడ అచ్చటనే పరీక్షింపవలసియున్నది.

2026 ప్రపంచకప్పునకు మన పురుషుల జట్టు చేసిన ప్రయాణమును పాఠకులు మరచియుండరు. పాల్గొను దేశములు 32 నుండి 48కి పెరిగినవి. ఆసియాకు నేరుగ ఎనిమిది స్థానములు దక్కినవి. ఉజ్బెకిస్థానము, జోర్డాను ఈ వెసులుబాటును చక్కగా వాడుకొని తొలిసారి ప్రపంచకప్పునకు చేరినవి. మనకును వాకిలి వెడల్పయినదని అందరును సంతోషించిరి. ఖతరు, కువైటు, ఆఫ్ఘనిస్థానములతో కూడిన వర్గమున రెండవస్థానము వచ్చిన చాలును, అదివరకెన్నడు మనమెక్కని మూడవ మెట్టు ఎక్కగలిగియుందుము.

ఆరంభము బాగుగనే జరిగినది. 2023 నవంబరు 16న కువైటు గడ్డపై మన్వీర్ సింగు కొట్టిన గోలుతో మనవారు గెలిచిరి. అయిదుదినముల పిదప భువనేశ్వరమున ఖతరు మూడు గోలులతో ఓడించినది. అది ఆసియా విజేత, ఆ ఓటమి కెవరును తప్పుపట్టలేదు. అసలు దెబ్బ ఆఫ్ఘనులతో తగిలినది. 2024 మార్చి 21న సౌదీ దేశపు అభాలో గోలు లేక సరిసమానము. 26న గౌహతిలో మనవారు ముందు పెనాల్టీతో గోలు కొట్టి, తుదకు 2–1తో ఓడిరి. యుద్ధములతో చితికిపోయి, సొంత గడ్డపై ఆడుకొనుటకు వీలులేని దేశము మన యింట మనలను గెలిచిపోయినది. ఆ పెనాల్టీ కొట్టినవాడు సునీల్ ఛేత్రి. అతని కది నూటయేబదవ ఆట.

జూను 6న కలకత్తాలో కువైటుతో మరల గోలు లేని ఆట. ఛేత్రి ఆనాడు కన్నీళ్లతో సెలవు తీసికొనెను. జూను 11న దోహాలో ఛాంగ్టే గోలుతో మనము ముందంజ వేసితిమి. గీతదాటి బయటకు పోయిన బంతిని వెనుకకు లాగి ఖతరువారు గోలు చేయగా రెఫరీ దానిని లెక్కలో వేసికొనెను. మరల పరిశీలించు యంత్రసాధనము ఆ పోటీలో లేదు. తుదకు 2–1తో ఓడితిమి. ఆరు ఆటలలో ఒక గెలుపు, రెండు సమానములు, మూడు ఓటములు, అయిదు పాయింట్లు, మూడవస్థానము. ఏడు పాయింట్లతో కువైటు పైమెట్టెక్కినది. ఆ వారములోనే శిక్షకుడు స్టీమాచ్‌ను తొలగించిరి.

దోహాలో మనకు అన్యాయము జరిగినమాట నిజము. అయినను ఆఫ్ఘనులతో రెండు ఆటలలో ఒక్క పాయింటు మాత్రమే తెచ్చుకొన్న జట్టు రెఫరీమీద భారమంతయు మోపుట న్యాయముగా లేదు. 2001లో జరిగిన అర్హతపోటీలలో కూడ ఇట్లే బెంగుళూరున యు. ఏ. ఇ. జట్టును ఓడించి, 11 పాయింట్లు సంపాదించి, ఒక్క పాయింటు తక్కువై ఆగిపోతిమి. అప్పుడును అదృష్టమునే నిందించితిమి.

దీనికి మూలము వెదకువారు 1950కి పోవలెను. ఆ యేట బ్రెజిలు దేశమున జరిగిన ప్రపంచకప్పునకు మనకు అర్హత కాలిక్రిందికే వచ్చినది. బర్మా, ఫిలిప్పీన్సు తప్పుకొనుటచే ఒక్క ఆటయైన ఆడకయే మనము ప్రవేశము పొందితిమి. ఇటలీ, స్వీడను, పరాగ్వేలతో మన పేరును వర్గములో చేర్చిరి. ప్రయాణవ్యయములో అధికభాగము తామే భరింతుమని బ్రెజిలువారు చెప్పిరి. మన ఫెడరేషను మాత్రము సాధనకు వ్యవధి చాలదనియు, జట్టు ఎంపికలో భేదాభిప్రాయములు కలవనియు చెప్పి మానుకొన్నది. బూట్లు లేకుండ ఆడనీయమని అన్నందున మనవారు పోలేదను కథ యొకటి లోకమున ప్రచారములో నున్నది. అది ముచ్చటైన కథయే గాని కారణము అంతమాత్రము కాదు. ఆనాటి పెద్దలకు ఒలింపిక్సే గొప్ప. ప్రపంచకప్పు వారి కంటికి ఆనలేదు. 1954లో మన దరఖాస్తును అంగీకరింపలేదు. తరువాత మూడు దశాబ్దములు అర్హతపోటీల ముఖమే చూడక, 1985లో మరల ఆడితిమి. ఆ నడుమకాలములోనే మనకు అన్నిటికంటె గొప్ప జట్టు ఉండెనని తలచుకొన్నప్పుడు మనస్సు చివుక్కుమనును.

ఆ జట్టును తయారుచేసినవాడు మన హైదరాబాదువాడు, ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించెను. నగరములోని బడులలో పిల్లలకు పాఠములు చెప్పి, సాయంకాలము మైదానమున ఆట చెప్పెడివాడు. అతని చేతిక్రింద హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది. ఫుట్‌బాలునకు రాజధాని కలకత్తాయే యని తలచిన వారికి ఇది మింగుడుపడలేదు. అతని పద్ధతి బడిపంతులు పద్ధతియే. బంతిని కాలివద్ద కుదుపుచు ఒక్కడే పోరాదు, తగిలిన వెంటనే తోటివానికి అందింపవలెనను నియమముతో ప్రత్యేకముగా పోటీలు పెట్టెడివాడు. చేతకాని కాలితోనే ఆడవలెనని మరికొన్ని పోటీలు. కుడికాలివాడు ఎడమకాలితో తడబడుచు నవ్వులపాలగుచు నేర్చుకొనెడివాడు. ఎక్కాలు వల్లెవేయించినట్లు ఆటను వల్లెవేయించెను.

ఫలితము లోకమెరిగినదే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము. 1952లో హెల్సింకిలో యుగోస్లావియా పదిగోలులు కొట్టి పంపగా, ఆ పరాభవము నుండియే పాఠము నేర్చి, 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాల్గవస్థానమునకు ఎదిగితిమి. ఆసియాఖండము నుండి ఒలింపిక్సు సెమీఫైనలు చేరిన మొదటి జట్టు అది. ఆనాటి ఆటగాండ్ర జాబితా చదివిన హైదరాబాదు సికింద్రాబాదుల వీధులలో నడచినట్లుండును: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, అహమ్మద్ హుస్సేన్, తంగరాజ్, అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం. 1962లో జకార్తాలో దక్షిణకొరియాను 2–1తో ఓడించి మరల స్వర్ణము తెచ్చునాటికి రహీం సాహేబును కాన్సరు వ్యాధి తినివేయుచుండెను. 1963 జూనులో ఆయన కన్నుమూసెను. ఆ తరువాత ఆసియాక్రీడల ఫుట్‌బాలులో మనకు స్వర్ణము లేదు. 2024లో ఆయన చరిత్ర హిందీ చలనచిత్రముగా వచ్చినది. చూచినవారు చప్పట్లు కొట్టిరి, కొందరు కంట తడిపెట్టిరి, ఇంటికి వచ్చి కొడుకును ట్యూషనునకు పంపిరి.

2023–24 అర్హతపోటీల జాబితాలో మన ఊళ్ల పేర్లకై వెదకులాడవలసి వచ్చినది. ఛేత్రి సికింద్రాబాదులో పుట్టినవాడే. సైనికోద్యోగియగు తండ్రి వెంట ఊరూర తిరిగి అతడు ఆట నేర్చినది వేరొకచోట. మణిపూరు, మిజోరము, గోవా, బెంగాలు, కేరళ బిడ్డలు దేశమునకు ఆడుచున్నారు. వారి ఊళ్లలో బడి విడిచిన పిమ్మట బంతి కనబడును. 2022లో హైదరాబాదు పేరిట ఒక క్లబ్బు దేశపు పెద్ద లీగు కప్పును గెలిచినప్పుడు మంచిదినములు మరల వచ్చినవని మేమును సంబరపడితిమి. నాలుగేండ్లు తిరుగకమునుపే అది నగరమును వదలి ఢిల్లీకి తరలిపోయినది. కొనితెచ్చుకొన్న జట్టు కొన్నవాని వెంట పోవును. బడిలో పుట్టిన జట్టు ఎచ్చటికి పోగలదు?

ఇది పట్టణపు మాట, పల్లెలకెట్లు వర్తించునని అడుగువారికి మా పొరుగూరినే చూపుదుము. మన వర్ధన్నపేట నియోజకవర్గమునకు చెందిన పర్వతగిరి మండలమున కల్లెడ యను గ్రామము కలదు. ఆ ఊరి బడిలో విలువిద్య నేర్చిన వర్ధినేని ప్రణీత 2008లో బీజింగు ఒలింపిక్సులో దేశము పక్షమున విల్లెత్తినది. అదే ఊరి బిడ్డ, కూలిచేసికొని బ్రతుకు కుటుంబమున పుట్టిన జీవంజి దీప్తి, 2024 మేనెలలో జపానులోని కోబేలో మేధోవైకల్యముగల క్రీడాకారుల తరగతిలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సులో కాంస్యము తెచ్చినది. ఆ పరుగును మొట్టమొదట కనిపెట్టినవాడు బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. ఒక్క పల్లె, ఒక్క బడి, ఇద్దరు ప్రపంచస్థాయి క్రీడాకారిణులు. కల్లెడ నీటిలో విశేషమేదియు లేదు. మనమును ఆ వాగుల నీరే త్రాగుచున్నాము.

ఫుట్‌బాలునకును ఇటీవల మన తెలంగాణమునుండియే నిదర్శనము దొరకినది. నిజామాబాదు జిల్లా కిసాన్‌నగరు తండా బిడ్డ గుగులోతు సౌమ్య దేశపు మహిళాజట్టులో ఆడుచు, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబు క్లబ్బునకు పోయి, 2024–25కి దేశపు ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైనది. ఆమె యున్న జట్టు 2025 జూను, జూలై నెలలలో థాయిలాండులోని చియాంగ్‌మాయిలో మంగోలియాను 13–0తోను, తూర్పు తిమోరును 4–0తోను, ఇరాకును 5–0తోను ఓడించినది. తుది ఆటలో, తమకంటె చాల పైమెట్టున నున్న థాయిలాండును వారి గడ్డపైననే, బెంగాలు బిడ్డ సంగీతా బాస్ఫోరు కొట్టిన రెండు గోలులతో 2–1గా గెలిచినది. అర్హతపోటీలు గెలిచి మన మహిళలు ఆసియా కప్పునకు పోవుట అదియే మొదలు. 2026 మార్చిలో ఆస్ట్రేలియాలోని ఆ కప్పే 2027 బ్రెజిలు మహిళా ప్రపంచకప్పునకు ఆసియా ద్వారముగా నిర్ణయింపబడినది. పురుషులు ఆరు ఆటలలో సాధింపలేనిది స్త్రీలు నాలుగు ఆటలలో సాధించిరి. ఆ రాత్రి మన పట్టణములో ఒక్క టపాకాయ ప్రేలలేదు. క్రికెట్టు ఆటలో ఎవ్వడో ఆరు పరుగులు కొట్టిన ప్రేలును.

ఇప్పుడు మన బడులను చూతము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని ఆటస్థలము ఉండవలెనని శాసించినది. ఆరు మొదలు ఎనిమిది తరగతులలో నూరుమందికి మించి పిల్లలున్నచోట వ్యాయామవిద్య చెప్పుటకు మనిషి ఉండవలెనని కూడ చెప్పినది. చట్టమున నున్నది బడిలో ఎంత వచ్చినదో తలిదండ్రులు వెళ్లి చూచుకొనవచ్చును. ఆట పీరియడు పట్టికలో నుండును. పరీక్షలు దగ్గరపడగానే లెక్కల పంతులుగారు దానిని పుచ్చుకొందురు, ఎవరును మారుమాటాడరు. పదవతరగతి ఫలితముల బెదురుతో వారును నలుగుచున్నందున మేము వారిని నిందింపము. 2022లో పల్లెపల్లెకును క్రీడాప్రాంగణములు వెలసినవి. వానిలో పలుచోట్ల పలక నిలిచియున్నది, దాని వెనుక తుమ్మమొక్కలు పెరిగినవి. 2024లో రాష్ట్రశాసనసభ క్రీడావిశ్వవిద్యాలయమునకు చట్టము చేసినది, సంతోషమే. విశ్వవిద్యాలయమునకు పోవువాడు మొదట ఆరవతరగతిలో బంతిని తాకియుండవలెను గదా!

ఫుట్‌బాలు పేదవాని ఆట. ఒక బంతి, నాలుగు వెదురుబొంగులు, కోసిన వరిమడి చాలును. ఇరువదిరెండుగురు పిల్లలు ఒకేసారి ఆడగలరు. ఖరీదైన బ్యాట్లు, ప్యాడ్లు అక్కరలేదు. యాసంగి కోతలైన పిదప మన ఊరి చుట్టు ఎన్ని మళ్లు ఖాళీగా నుండునో అందరికిని తెలియును. లేనిది పిల్లవాని ఎడమకాలిని సరిదిద్దు మనిషి. ఒక మండలమునకు అట్టివా డొక్కడు శ్రద్ధగా పదేండ్లు నిలిచిన చాలునని రహీం సాహేబు చరిత్రయు, కల్లెడ బడి చరిత్రయు చెప్పుచున్నవి.

కనుక మా విన్నపము పెద్దది కాదు. వర్ధన్నపేట పురపాలక సంఘమువారును, చుట్టుపట్ల గ్రామపంచాయతుల పెద్దలును, తమ ఎల్లలలోని ప్రతి బడిలో వ్యాయామోపాధ్యాయుని కొలువు నిండియున్నదా, ఖాళీయా అని ఒక పట్టిక తయారుచేసి, దానిని బడి గోడకే అంటింపవలెను. ఖాళీలు నింపవలసినది జిల్లా అధికారులు. ఆలోపల ఊరిలో ఆటనేర్చిన పాతవిద్యార్థు లున్న వారిని పిలువవచ్చును. ఆట పీరియడును ఇతర పాఠములకు ఇచ్చివేయు ఆచారమును మానుమని తలిదండ్రులే ప్రధానోపాధ్యాయులను వ్రాతమూలకముగా కోరవలెను. ఆడపిల్లలకు వేరుగ సమయము, వెలుతురుండగనే, ఏర్పరుపవలెను. జూనులో బడులు తెరచునాటికి ఈ పట్టిక సిద్ధమైనచో దానిని మా పత్రికలో ఉచితముగా ప్రకటింతుము. ఏ బడిలో ఏ స్థానము ఎన్నేండ్లనుండి ఖాళీగానున్నదో పేరు పేరున వేయుదుము.