షుగర్ రోగిని అడగని రెండు ప్రశ్నలు

మధుమేహం ఉన్నవారు ఆసుపత్రికి వెళితే కళ్ళు చూస్తారు, మూత్రపిండాలకు పరీక్షలు రాస్తారు, బాగా చూసే చోట పాదాల్లో స్పర్శ కూడా పరీక్షిస్తారు. మూత్రం సాఫీగా వస్తోందా, దాంపత్య జీవితంలో ఇబ్బంది ఉందా అని అడిగేవారు మాత్రం అరుదు. సిగ్గుపడి రోగులూ చెప్పరు, స్త్రీలైతే మరీను. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంతమంది విషయంలో ఈ మౌనం చిన్న లోపం కాదు.

అరికాళ్ళు మొద్దుబారడానికి కారణమైన నాడీ నష్టమే, మనిషి ప్రమేయం లేకుండా పనిచేసే స్వయంచాలిత నాడులకూ సోకుతుంది. అప్పుడు మూత్రాశయం నిండిందన్న సంకేతం మెదడుకు సరిగా చేరదు. మూత్రానికి వెళ్ళడం తగ్గితే, చక్కెర అదుపులోకి వచ్చిందని రోగి సంతోషిస్తాడు. లోపల జరిగేది వేరు. మూత్రాశయం సాగిపోయి, కండరం పట్టు తప్పి, ప్రతిసారీ కొంత మూత్రం మిగిలిపోతుంది. అందులో బ్యాక్టీరియా పెరిగి ఇన్ఫెక్షన్లు తిరగబెడతాయి. కొందరిలో ఇందుకు భిన్నంగా, ఆపుకోలేని ఆత్రం. వయసు మళ్ళిన మగవారిలో ఇదంతా ప్రొస్టేట్ ఖాతాలోకి పోతుంది. కండరమే బలహీనపడ్డప్పుడు ప్రొస్టేట్ ఆపరేషన్ ఒక్కటే పూర్తి ఫలితమివ్వకపోవచ్చు.

అంగస్తంభనకు నాడుల కొసల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ అవసరం. మధుమేహం ఈ రెండింటినీ దెబ్బతీస్తుంది. అంగంలోని ధమనులు గుండె ధమనుల కన్నా సన్ననివి కాబట్టి, ఈ ఇబ్బంది ఒక్కోసారి గుండెజబ్బుకు ముందస్తు హెచ్చరిక కూడా. కొందరిలో వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి వెళుతుంది. పిల్లలు కలగలేదని భార్యకు పరీక్షలు చేయించే ఇళ్ళలో దీన్ని ఊహించేవారెందరు? స్త్రీలలో యోని పొడిబారడం, స్పర్శ తగ్గడం కనిపిస్తాయి. వీటిపై జరిగిన పరిశోధన పురుషుల సమస్యలపై జరిగినదానికన్నా బాగా తక్కువ.

వైద్యుడు అడగని ప్రశ్నకు గోడల మీది ‘నరాల బలహీనత’ ప్రకటనలు జవాబిస్తున్నాయి. విచిత్రమేమంటే, ఈ రోగుల్లో నాడులు నిజంగానే దెబ్బతిని ఉంటాయి, కానీ ఆ పొడులు వాటిని బాగుచేయవు. చీటీ లేకుండా కొనే సిల్డెనాఫిల్ మరో ప్రమాదం. ఛాతీనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు దాన్ని వేసుకుంటే రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు.

మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్ కొద్ది నిమిషాల్లో చెబుతుంది. గడియారం చూసుకుని మూడు నాలుగు గంటలకోసారి మూత్రానికి వెళ్ళడం చాలామందికి మేలు చేస్తుంది, అందుకు ఖర్చేమీ లేదు. బీపీ చూసే నర్సు చేతిలోని కాగితంలో ఆ రెండు ప్రశ్నలు చేరిస్తే చాలు. స్త్రీలను స్త్రీలే అడగాలి, అదీ అత్తగారో కొడుకో పక్కన లేనప్పుడు.