సిమెంట్ మరకకు తేజాబ్ ఇలాజ్ కాదు

బందరులో మా తమ్ముడికి కారే రోజీరోటీ. గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ, కిరాయి ఎటు దొరికితే అటు. పోయిన నెల వాడు రాత్రంతా బండి తోలి వచ్చి పడుకున్నాడు. పొద్దున పక్కింటి రెండో అంతస్తు స్లాబు పోస్తుంటే సెంట్రింగ్ సందుల్లోంచి సిమెంట్ పాలు జారి బానెట్ మీద పడ్డాయి. వాడు లేచేసరికి ఎండకి రాయైపోయాయి. పడ్డ వెంటనే ఎవరైనా రెండు బకెట్ల నీళ్లు పోసి ఉంటే ఖిస్సా అక్కడే ఖతమ్.

మేస్త్రీ వచ్చి, "ఫికర్ చేయకండి భాయ్, టైల్స్ కడిగే యాసిడ్ ఉంది, నిమిషంలో పోద్ది" అన్నాడు. నేను అడ్డం పడ్డాను. ఆ తేజాబ్ హైడ్రోక్లోరిక్ యాసిడ్. సిమెంట్‌తో పాటు రంగునీ ఖరాబ్ చేస్తుంది, దాని పొగకే ఇనుము తుప్పు పడుతుంది. ఇంకొకాయన బ్లేడు తెచ్చాడు. రంగు మీది క్లియర్ కోటు వెంట్రుకంత మందం కూడా ఉండదు. గీకి గీకి రేకు బయటపడితే మా ఉప్పుగాలి ఊరుకుంటుందా?

సిమెంట్ క్షారం. దాన్ని కరిగించడానికి వంటింటి సిర్కా చాలు, కాకపోతే సబర్ కావాలి. సగం నీళ్లు కలిపి, ముందు కనపడని మూల ఓ చుక్క వేసి చూశాం. కారు నీడలో పెట్టి, తడిపిన కాటన్ గుడ్డ మరక మీద పరిచాం. ఆరకుండా పావుగంట ఉంచి తీసి, నీళ్లు పోసి, మళ్లీ పరిచాం. రుద్దలేదు. అందులో ఇసుక ఉంటుంది, రుద్దితే గరుకు కాగితంతో తోమినట్టే. జొహర్ తర్వాత మొదలుపెడితే అసర్ అజాన్‌కి వదిలింది. చివర్లో షాంపూ, మున్సిపల్ నీళ్లు, వాక్స్. బోరు నీళ్లు వాడలేదు, వాటి ఉప్పు మరకలు ఇంకో తలనొప్పి. కొత్తగా రంగు వేయించిన బండికైతే సిర్కా కూడా వద్దంటాను.

ఈలోపు ఇంటాయన నుక్సాన్ కింద సిమెంట్ మోసిన కుర్రాడి కూలీలో ఐదొందలు కోశాడు. ఇదెక్కడి ఇన్సాఫ్? కింద టార్పాలిన్ కట్టించాల్సింది కుర్రాడా? రేపు స్లాబు, బండి తీయండని ముందురోజు మా తలుపు కొట్టాల్సింది కుర్రాడా? సెంట్రింగ్ కట్టింది చూసి కూడా అక్కడే బండి పెట్టిన మాదీ గల్తీయే. తమ్ముడు వెళ్లి, "నాకు పైసా వద్దు, వాడి కూలీ వాడికి ఇచ్చేయండి" అన్నాడు. శనివారం ఇస్తానన్నాడు ఇంటాయన.

రెండు శనివారాలు పోయాయి. పైన ఇంకో స్లాబు ఉందట. టార్పాలిన్ మేమే కొన్నాం.