వరుసను నమ్మవచ్చునా?

కంప్యూటరు భాషలలో 'ఎనమ్' అనునది నియతమైన పేర్ల పట్టిక. జావా భాషయందు 2004 నుండి యిది కలదు. అందలి ప్రతి పేరునకును, వ్రాసిన వరుసనుబట్టి, సున్న మొదలుకొని యొక సంఖ్య యేర్పడును. ఆ సంఖ్యతో పేరును వెదకుట సులభమే గాని, పేరునకు మాఱుగా దానినే దాచియుంచుట క్షేమకరము గాదని మా యభిప్రాయము.

మన యఱువది సంవత్సరములలో ప్రభవ మొదటిది, విశ్వావసు 39వది. నడుమ నెవ్వరును క్రొత్తపేరు చేర్చరు గనుక నచట వరుసను నమ్మవచ్చును. జిల్లాల పట్టిక యట్టిది కాదు. ఆంధ్రప్రదేశమునందలి 13 జిల్లాలను ఆంగ్లాక్షర క్రమమున వ్రాసినపుడు చిత్తూరు రెండవది. అనగా దాని సంఖ్య 1. 2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లాలు 26 కాగా నది యాఱవదయ్యెను; రెండవ స్థానము అనకాపల్లికి వచ్చెను. పాత లెక్కలలో 1 అని మాత్రమే యున్నచో, మన పలమనేరు విద్యార్థి అనకాపల్లివాడుగా నగపడును. యంత్రము తప్పనియు చెప్పదు.

కావున, విద్యార్థులారా, వరుసగా చూపుటకు సంఖ్యను వాడుడు. భద్రపఱచుటకు పేరునే గాని, ఎన్నడును మార్చని సంకేతమును గాని వ్రాయుడు. అప్పుడు పట్టిక పెరిగినను లెక్క చెడదు.